ఊలు అనే మాట వెనక: దుమ్ముగూడెం లేసు, పసిబిడ్డ టోపీ

తెలుగులో ‘ఊలు’ మహా మోసకారి మాట. ఇంగ్లీషు ‘వుల్’ నుంచి వచ్చింది కాబట్టి గొర్రె బొచ్చుతో వడికిన దారం అనే అర్థం ఉండాలి. కానీ ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో కుట్టుసామాన్ల కొట్టుకెళ్లి “ఊలు ఇవ్వండి” అని అడిగి చూడండి. రంగురంగుల ఉండలు ముందు పెడతారు. చాలాసార్లు వాటిలో గొర్రెకి సంబంధించింది ఒక్క పోగు కూడా ఉండదు. అది యాక్రిలిక్, అంటే పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్ పోగు. అసలు గొర్రె బొచ్చుకి మనకి ఉన్ని అనే మాట ఎప్పట్నుంచో ఉంది. కురుమలు నేసే గొంగడి దానితో చేసిందే. గొంగడిని ఎవరూ ఊలు అనరు, ఊలులో ఉన్ని ఉండదు. మాట ఒక దారిన పోయింది, వస్తువు ఇంకో దారిన పోయింది.

మామూలుగా ఈ గొడవ ఎవరికీ పట్టదు. స్వెట్టర్ వేసుకునేది మనమైతే, దురద పెడితే విప్పేస్తాం, చెమట పడితే తిట్టుకుంటాం. పసిబిడ్డకి ఆ రెండూ చేతకావు. లాక్‌డౌన్ తర్వాత మా ఆఫీసులో క్రోషే నేర్చుకున్నవాళ్లు బాగా పెరిగారు. ఎవరింట్లో సీమంతమైనా ఒక టోపీ, ఒక జత బుల్లి సాక్సులు, వీలైతే ఓ చిన్న దుప్పటి సిద్ధం. అల్లిక ముచ్చటగా ఉంటుంది. ఏ దారంతో అల్లారని అడిగితే మాత్రం “బేబీ ఊలు” అన్న జవాబే వస్తుంది. ‘బేబీ’ అనేది పోగు పేరు కాదు, అమ్మకానికి పెట్టుకున్న పేరు. ఆ దారాన్ని ఎంత వేడి నీళ్లలో ఉతకొచ్చో, ఎన్నిసార్లు ఉతకొచ్చో, రంగు దిగుతుందో లేదో, నిప్పు తగిలితే ఏమవుతుందో ఆ పేరు చెప్పదు.

బిడ్డ ఒంటికి తగిలే దారాన్ని ఎవరు ఎంచుతారు, ఏం చూసి ఎంచుతారు? ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది కానీ దీనికి నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఒక మజిలీ మన భద్రాచలం అడవి అంచునే ఉంది.

*

భద్రాచలం నుంచి గోదావరి ఎడమ గట్టు వెంబడి ఎగువకి ఇంచుమించు పాతిక కిలోమీటర్లు పోతే దుమ్ముగూడెం వస్తుంది. అక్కడ నదికి అడ్డంగా ఒక పాత ఆనకట్ట, దాని పక్కనే పడవల కోసం తవ్విన కాలువ, లాకులు ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కి ఇంకో పెద్ద కల ఉండేది. గోదావరిని మధ్య భారతం దాకా పడవల దారిగా మార్చాలని. వార్ధా, నాగపూర్ వైపు సరుకు నది మీద దిగి సముద్రం చేరాలి. దారిలో మూడు చోట్ల రాళ్లు, సుడులు అడ్డొస్తాయి. వాటిలో దిగువనుంచి మొదటిది దుమ్ముగూడెం దగ్గరే.

ఆ సరుకుల్లో ముఖ్యమైనది పత్తి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కణ్నుంచి పత్తి ఆగిపోగానే లాంకషైర్ మిల్లులు మూతపడే స్థితికొచ్చాయి. బేరార్ పత్తిని ఏదో ఒక దారిన ఇంగ్లండు చేర్చాలన్న ఒత్తిడి పెరిగింది. గోదావరి పడవల పథకానికి ఊపొచ్చింది అప్పుడే. ఆ ఊపు ఎంతో కాలం నిలవలేదు. యుద్ధం 1865లో అయిపోయింది, 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో ఎగువ గోదావరి పనుల్ని ప్రభుత్వం వదిలేసింది. ఒక పెద్ద ప్రాజెక్టు మధ్యలో ఆగిపోతే సైటు ఎలా ఉంటుందో సాఫ్ట్‌వేర్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మనుషులు వెళ్లిపోతారు, కట్టినవి కొన్ని మిగిలిపోతాయి.

దుమ్ముగూడెంలో రాతికట్టడాలతో పాటు ఒక మిషన్ కూడా మిగిలింది. ఆ పనుల మీద ఉన్న ఇంజనీరు కెప్టెన్ హేగ్ చొరవతో 1860ల మొదట్లో చర్చ్ మిషనరీ సొసైటీ కోయ మిషన్ అక్కడ మొదలైంది. అదే పనుల్లో ఉద్యోగం చేసిన వెంకటరామరాజు మతం మారి ఆ మిషన్‌కి తొలి ప్రచారకుడయ్యాడు. 1870లలో జాన్ కెయిన్ అనే పాద్రీ వచ్చాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల ఆచారాల గురించి ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో ఆయన రాసిన వ్యాసాల్ని ఆ ప్రాంతం మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తుంటారు. ఆ కెయిన్ దంపతుల కాలంలోనే మిషన్‌లోని ఆడవాళ్లు లేసు అల్లడం నేర్చుకున్నారు. దుమ్ముగూడెం లేసు ఆ ఊరి పేరుతోనే సముద్రాలు దాటి ఆస్ట్రేలియాలో కూడా అమ్ముడుపోయింది.

ఒక్కసారి ఆగి చూడండి. పత్తి పడవల కోసం పుట్టిన పథకం ఆగిపోయింది. పడవల్లో పత్తి దిగలేదు. ఆ పథకం వదిలేసిపోయిన ఊళ్లో ఆడవాళ్ల చేతుల్లోంచి పత్తి దారం లేసై పైదేశాలకి పోయింది. బేళ్ల లెక్కన పోవాల్సింది గజాల లెక్కన పోయింది.

*

లేసు తెల్లగా, నూలుతో ఎందుకు ఉండేది? అందం కోసమే అనుకుంటాం. ఉతుకు కోసం కూడా. అప్పటి యూరప్ ఇళ్లల్లో లేసు పోయేది కాలర్లకి, చేతి అంచులకి, రుమాళ్లకి, పసిపిల్లల టోపీలకి, బాప్టిజం గౌన్లకి. అన్నీ ఒంటికి, చెమటకి, పాలకి, చొంగకి దగ్గరగా ఉండేవే. అలాంటి బట్టల్ని అప్పట్లో పెద్ద పాత్రలో వేసి సబ్బుతో ఉడకబెట్టేవాళ్లు. మన చాకిరేవుల్లో బట్టలు ఉడకేసే పద్ధతి కూడా అదే. ఉడకబెట్టినా తట్టుకునే పోగు ఏది? నూలు, నార. నూలుకి ఒక విచిత్రమైన గుణం ఉంది. తడిస్తే బలహీనపడదు, ఇంకొంచెం గట్టిపడుతుంది. ఉన్ని తడిస్తే బలహీనపడుతుంది, పట్టు కూడా అంతే. వేడినీళ్లు, సబ్బు, రాపిడి కలిస్తే ఉన్ని పోగులు ఒకదానికొకటి చిక్కుపడి ముద్దకట్టి చిన్నవైపోతాయి. తెల్లటి నూలుకి రంగు దిగే బెడద కూడా లేదు.

ఇంకో మెరుగు కూడా ఆ కాలానిదే. జాన్ మెర్సర్ అనే ఇంగ్లీషాయన 1844లో నూలుని కాస్టిక్ సోడాలో ముంచి చూశాడు. పోగు ఉబ్బి గుండ్రంగా అయింది, బలం పెరిగింది, రంగు బాగా పట్టింది. 1850లో పేటెంట్ తీసుకున్నాడు. కానీ దారం కుంచించుకుపోతుండటంతో ఎవరూ పట్టించుకోలేదు. 1890 ప్రాంతంలో హొరేస్ లోవ్ దారాన్ని బిగదీసి పట్టి అదే పని చేస్తే పట్టులాంటి మెరుపు వచ్చింది. ఇవాళ క్రోషే దారం ఉండ మీద ‘మెర్సరైజ్డ్’ అని కనబడేది ఇదే. మెరుపు సంగతి అలా ఉంచితే, పసిపిల్లల బట్టకి దీనివల్ల లాభం ఏమిటంటే పీచు లేవడం తక్కువ, ఉతికితే కుంచించడం తక్కువ.

ఆ రోజుల్లో లేసుకి పనికొచ్చే సన్నటి, సమానమైన దారాన్ని లోకానికి ఎక్కువగా అందించినవి బ్రిటన్ మిల్లులు. స్కాట్లండులోని పెయిస్లీ పట్టణంలో కోట్స్, క్లార్క్ అనే రెండు కంపెనీలు 1896లో ఒకటయ్యాక దారం వ్యాపారంలో వాళ్లకి ఎదురులేకుండా పోయింది. ఆ కోట్స్‌తోనే దక్షిణాన హార్వే సోదరుల మదురా మిల్స్ 1974లో కలిసి మదురా కోట్స్ అయింది. మన అమ్మమ్మల కుట్టు డబ్బాల్లో కనిపించే దారపు రీళ్ల వంశవృక్షం అది.

ఇదే గోదావరి పాపికొండలు దాటి డెల్టాలో పడ్డాక నరసాపురం వస్తుంది. అక్కడ లేసు కొక్కెం సూదితో అల్లే క్రోషే లేసు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారానే వచ్చింది. 2024లో ‘నరసాపురం క్రోషే లేసు’కి భౌగోళిక గుర్తింపు దక్కింది. దుమ్ముగూడెం లేసు ఒక మిషన్ ఆవరణలో మొదలైతే నరసాపురం లేసు చుట్టుపక్కల వందలాది ఊళ్లకి పాకి పరిశ్రమైంది. 1970ల చివర్లో జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికొచ్చి చూసింది. 1982లో వచ్చిన ఆమె పుస్తకం ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ స్త్రీల శ్రమ గురించి ప్రపంచమంతా చదివే పుస్తకాల్లో ఒకటైంది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిన ఆడవాళ్లకి రూపాయి కూడా గిట్టేది కాదు. వాళ్లని పనివాళ్లుగా లెక్కేసినవాళ్లు లేరు. ‘ఇంట్లో ఖాళీగా కూర్చునే బదులు ఏదో అల్లుకుంటారు’ అన్నారంతే.

ఆ పుస్తకంలో కూలి లెక్కల గురించి చాలామంది మాట్లాడారు. నా దృష్టి అక్కడి దారం దగ్గర ఆగింది. ఏజెంటు దారం తూకం వేసి ఇస్తాడు. నమూనా కూడా అతనే ఇస్తాడు. అల్లినదాన్ని తీసుకుపోతాడు. ఏ దారం, ఎంత సన్నం, ఏ రంగు, ఎవరికి, ఎన్ని ఉతుకులు తట్టుకోవాలి, ఇవన్నీ ఆ అల్లే మనిషి చేతికి రాకముందే తేలిపోయి ఉంటాయి. తన వేళ్లలోంచి మైళ్లకొద్దీ దారం పోయినా, ఆ దారాన్ని ఎంచే పని ఆమెది కాదు. లేసు వ్యాపారంలో నైపుణ్యం ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది.

*

మరి ఇక్కడి బిడ్డలు ఏం తొడుక్కున్నారు? గోదావరికి రెండువైపులా ఏ ఇంట్లో అడిగినా ఒకటే చెబుతారు. పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వెయ్యరు. పాత నూలు చీరో, తాతగారి పాత పంచో చింపి మెత్తటి గుడ్డలు చేస్తారు. పాత చీరలు నాలుగు మడతలేసి బొంత కుడతారు. ఉయ్యాల కూడా చీరే. దీన్ని పేదరికమనో, దిష్టి నమ్మకమనో కొట్టిపారేయడం తేలిక. ఇంజనీరు కళ్లతో చూస్తే ఇది బాగా పరీక్షించిన సరుకుని మాత్రమే విడుదల చేయడం. వందసార్లు ఉతికిన నూలు చీరలో గంజి మిగలదు, దిగే రంగు అప్పటికే దిగిపోయి ఉంటుంది, మిల్లు పూసిన రసాయనాలు కొట్టుకుపోయి ఉంటాయి, పోగు మెత్తబడి ఉంటుంది. ఉడకేసినా ఏం కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ముందు ఉతుకు, తర్వాతే బిడ్డ. ఆ సూత్రం చాలు.

ఉన్ని మాత్రం పసిబిడ్డ దాకా రాలేదు. దక్కనీ గొర్రె బొచ్చు ముతక. గొంగడికి చింతగింజల గంజి పట్టించి గట్టిచేస్తారు. వానకి, చలికి, కాపరి భుజానికి అది సాటిలేనిది. బిడ్డ చెంపకి కాదు. ఇవాళ పసిపిల్లల కోసం అమ్మే మెరినో ఉన్ని వేరే జాతి గొర్రెది, చాలా సన్నటిది. మెషిన్లో ఉతికినా ముద్దకట్టకుండా దాని పోగు మీది పొలుసుల్ని క్లోరిన్‌తో తగ్గించి, పైన పల్చటి రెసిన్ పూత వేస్తారు. సూపర్‌వాష్ అంటే అదే. హిమాచల్‌లో పుట్టిన బిడ్డకి అది ఉపయోగమే. వేసవిలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెంలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు తప్ప దానితో పనిలేదు.

*

ఇక ఊలు కథ. యాక్రిలిక్ పోగుని డ్యూపాంట్ కంపెనీ ఆర్లాన్ అనే పేరుతో 1950 ప్రాంతంలో మార్కెట్లోకి తెచ్చింది. ఉన్నిలా ఉబ్బుగా ఉంటుంది, పురుగు పట్టదు, ముద్దకట్టదు, చవక, ఏ రంగైనా పట్టేస్తుంది. మన దేశంలోనే తయారవడం మొదలయ్యాక లూధియానా మిల్లుల నుంచి ఉండలు ఊరూరికీ చేరాయి. ఉన్ని వాడకమే అంతగా లేని మన వైపు ఊలు అనే మాటకి తొలి అర్థమే యాక్రిలిక్ అయింది. మోసం చేసినవాళ్లెవరూ లేరు. అసలు వస్తువు రాకముందే నకలు వచ్చి పేరు పెట్టేసుకుందంతే.

యాక్రిలిక్ విషమేమీ కాదు. ఉతకడం దృష్ట్యా చూస్తే తేలికే, త్వరగా ఆరుతుంది కూడా. కానీ పసిబిడ్డ విషయంలో మూడు చిక్కులున్నాయి. మొదటిది చెమట. నూలు చెమటని పీల్చుకుంటుంది, యాక్రిలిక్ దాదాపు పీల్చదు. ఖమ్మం ఎండల్లో తలకి ప్లాస్టిక్ టోపీ అంటే చెమటకాయలు పిలిచి తెచ్చుకోవడమే. రెండోది వేడి. నూలుని ఉడకబెట్టొచ్చు, యాక్రిలిక్‌ని కుదరదు. బాగా వేడినీళ్లలో అది సాగిపోతుంది, వేడి ఇస్త్రీ తగిలితే పోగు చచ్చి చదునైపోతుంది, మళ్లీ కోలుకోదు. బిడ్డకి విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఇంట్లో చర్మవ్యాధి ఉన్నప్పుడు మరిగే నీళ్లలో వెయ్యలేని బట్ట ఎంత ముద్దుగా ఉంటే ఏం?

మూడోది నిప్పు. మన ఇళ్లల్లో ఇది మాట్లాడి తీరాల్సిన విషయం. తలంటి పోశాక బిడ్డకి సాంబ్రాణి పొగ వేస్తాం. కుంపట్లోనో మూకుట్లోనో నిప్పులు, పైన బిడ్డ. పొగ బిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదని పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, అయినా ఆ అలవాటు పోలేదు. నిప్పురవ్వ పడితే నూలు కాలి బూడిదవుతుంది. యాక్రిలిక్ కరిగి, మండి, వేడి జిగురులా చర్మానికి అతుక్కుంటుంది. నూలు కూడా అంటుకునేదే కాబట్టి నిప్పు దగ్గర ఏ బట్టైనా జాగ్రత్తే. కానీ అతుక్కుని కాల్చే గుణం ప్లాస్టిక్ పోగుదే.

కొట్టువాడి మాట మీద నమ్మకం లేకపోతే నిప్పే సాక్షి. బిడ్డకి దూరంగా, గాలి తగిలే చోట, పట్టకారుతో ఒక చిన్న దారం ముక్క పట్టుకుని వెలిగించండి. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదైతే నూలు. వెంట్రుక కాలిన కంపు కొడితే ఉన్ని. కరిగి గట్టి నల్లపూసలా గడ్డకడితే ప్లాస్టిక్. రెండు రకాల గుర్తులూ కలిసి కనిపిస్తే మిశ్రమం. ‘మిల్క్ కాటన్’ అని పాలలాంటి పేరుతో వచ్చే మెత్తటి ఉండలు చాలాసార్లు ఈ చివరి కోవలోకే వస్తాయి. పాల ప్రొటీన్ నుంచి పోగు తీయడం నిజంగానే జరిగింది, 1930లలో ఇటలీలో లానిటాల్ అనే పేరుతో. కానీ లేబుల్ మీద పాల బొమ్మ ఉన్నంత మాత్రాన దారంలో పాలుండవు. ‘బాంబూ’ దారం సంగతీ ఇలాంటిదే. ఎక్కువగా అది వెదురు గుజ్జుని రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోస్. మెత్తగా, చల్లగా ఉంటుంది. కానీ తడిస్తే బలం బాగా పడిపోతుంది. రోజూ ఉతికే బట్టకి అది ఆలోచించాల్సిన విషయం. నిప్పు పరీక్షలో విస్కోస్ కూడా నూలులాగే కాలుతుంది కాబట్టి అక్కడ లేబుల్ చదవక తప్పదు.

*

ఉతకడం సగమే, ఆరడం మిగతా సగం. గోదావరి పక్క ఊళ్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది. 1986లో 75.6 అడుగులు. అలాంటి వారాల్లో పునరావాస కేంద్రాల్లో తాడు మీద బట్ట మూడు రోజులైనా ఆరదు. వరద లేని మామూలు శ్రావణమాసంలో కూడా లావు దారంతో ఒత్తుగా అల్లిన దుప్పటి పైన ఆరినట్టు కనిపిస్తూ లోపల చెమ్మగానే ఉంటుంది. చెమ్మలో బూజు, వాసన. ఇక్కడ నూలుకి ఉన్న బలహీనత ఒప్పుకోవాలి. నీళ్లు ఎక్కువ తాగుతుంది, నెమ్మదిగా ఆరుతుంది. అందుకే మన వాతావరణానికి సన్నటి నూలు, పల్చటి అల్లిక కావాలి. మెత్తగా ఉందని లావు దారం తీసుకుంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా దాన్ని మడతపెట్టి ఉంచాల్సిందే. ఒకే పెద్ద దుప్పటికి బదులు రెండు చిన్నవి అల్లితే ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వాడొచ్చు.

రంగు విషయానికొస్తే, నూలు మీద రంగు నిలవడం చాలాకాలం పెద్ద తలనొప్పి. 1956లో ఐసీఐ కంపెనీ రియాక్టివ్ రంగులు తెచ్చింది. అవి పోగు మీద కూర్చోవు, దానితో రసాయనికంగా ముడిపడతాయి. ఉతికితే తేలిగ్గా వదలవు. చవక దారంలో అలాంటి రంగే వాడారన్న హామీ ఉండదు. తెల్లగుడ్డ తడిపి దారం మీద గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. గుడ్డకి రంగంటితే ఆ దారం బిడ్డ నోట్లోకి పోయే వస్తువుకి పనికిరాదు. బిడ్డకి చేతికందిన ప్రతిదీ నోటికే కదా. కొన్ని ఆజో రంగులు విడిపోయి క్యాన్సర్ కారక అమైన్లుగా మారతాయని తేలాక 1990లలో జర్మనీ వాటిని నిషేధించింది. అదే దశాబ్దంలో మన ప్రభుత్వం కూడా మొత్తం 112 రంగుల్ని నిషేధించింది. ఎగుమతి సరుకు వెనక్కి వస్తుందన్న భయం అందులో ఉంది. విదేశీ బిడ్డ కోసం పెట్టిన నియమం మన బిడ్డకీ అక్కరకొచ్చిందన్నమాట. 1992లో మొదలైన ఓకోటెక్స్ స్టాండర్డ్ 100 ముద్రలో మూడేళ్ల లోపు పిల్లల వస్తువులకి మొదటి తరగతి అని వేరే ఉంది, అందులో ఫార్మాల్డిహైడ్ లాంటి వాటికి పరిమితులు అన్నిటికంటే కఠినం. లేబుల్ మీద ‘బేబీ’ అన్న మాటకంటే ఆ తరగతి పేరుకి విలువెక్కువ. అది కూడా దొరకకపోతే? తెల్లదో, రంగు వేయని ముడినూలో తీసుకుని అల్లి, రెండుమూడుసార్లు ఉతికి ఇవ్వండి. పాత చీర సూత్రమే.

దారం మంచిదైనా అల్లికలో ప్రమాదం ఉండొచ్చు. వదులు పోగో, తల్లి వెంట్రుకో బిడ్డ కాలివేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేసిన కేసులు వైద్య పత్రికల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. బిడ్డ ఏడుస్తుంది, ఎందుకో తెలీదు. సాక్సు విప్పి చూస్తే వేలు వాచి ఉంటుంది. అందుకే సాక్సులకి, చేతితొడుగులకి పెద్ద చిల్లుల లేసు నమూనా వద్దు, లోపలివైపు వదులు పోగులు వద్దు. టోపీకి గొంతు కింద కట్టే తాళ్లు వద్దు. పూసలు, గుండీలు వద్దు. నిద్రపోయేటప్పుడు టోపీ, వదులు దుప్పటి తీసెయ్యాలి. డెన్మార్క్‌లో 2013లో నెలలు నిండని పిల్లల కోసం క్రోషే ఆక్టోపస్ బొమ్మలు అల్లి ఆసుపత్రులకి ఇవ్వడం మొదలుపెట్టారు. అది ప్రేమతో చేసిన పనే. అయినా వాళ్లు నియమాలు పెట్టుకున్నారు. నూరు శాతం నూలు, 60 డిగ్రీల నీళ్లలో ఉతికినా తట్టుకోవాలి, కాళ్లు సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటకూడదు. ప్రేమకి కొలతలు అక్కర్లేదని అనుకునేవాళ్లు ఆ జాబితా ఒకసారి చూడాలి.

*

దుమ్ముగూడెం 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలోకి వచ్చింది, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి మారింది. ఇన్ని సరిహద్దులు మారినా పత్తి మాత్రం ఆ చుట్టుపక్కల ఎప్పుడూ ఉంది. ఇప్పుడు అడవి అంచున పోడు చేలల్లో కూడా పత్తే కనిపిస్తుంది. ఖమ్మం మార్కెట్‌కి మిర్చితో పాటు పత్తి వస్తుంది, జిన్నింగు మిల్లులో గింజ వదిలి బేలై ఎటో పోతుంది. ఆ చేలలో పత్తి తీసిన తల్లి, బిడ్డకి చలికాలం టోపీ కొనాలంటే సంతలో దొరికేది యాక్రిలిక్ ఊలు టోపీ. 1861లో బేరార్ పత్తి గురించి లాంకషైర్ ఆలోచించినట్టే ఇవాళా పత్తి గురించి ఆలోచించేవాళ్లు దూరంగానే ఉన్నారు.

అయితే ఒకటి మారింది. నరసాపురంలో ఏజెంటు తూకం వేసిచ్చిన దారం పట్టుకున్న చేతికి అడిగే వీలు లేదు. ఈరోజు సరదాగానో ప్రేమతోనో క్రోషే సూది పట్టుకున్నవాళ్లకి దారం తూచి ఇచ్చే ఏజెంటు లేడు. డబ్బు మనది, చెయ్యి మనది, తొడుక్కునే బిడ్డ మనకి తెలిసిన బిడ్డ. ఆ లేసు అల్లినవాళ్లకి ఎన్నడూ దక్కని ఎంపిక మన చేతిలో ఉంది. దాన్ని “బేబీ ఊలు” అనే రెండు మాటలకి వదిలేస్తే మళ్లీ ఏజెంటు చేతిలో పెట్టినట్టే. కొట్లో అడగాల్సిన ప్రశ్నలు ఎక్కువేం లేవు. ఇది ఏ పోగు? ఎంత వేడిలో ఉతకొచ్చు? రంగు దిగుతుందా? జవాబు రాకపోతే ఇంకో కొట్టు ఉంటుంది. ఏ కొట్లోనూ రాకపోతే అమ్మమ్మ పెట్టెలో మెత్తబడిన నూలు చీర ఒకటి ఉండే ఉంటుంది.